బాటం కోయిస్తే బెల్ పోయింది: ఎత్తు తక్కువవాళ్లు ఫ్లేర్ జీన్స్ ఎలా ఎంచుకోవాలి?

కొబ్బరితోట27
ఉగాదికి ముదురు నీలం ఫ్లేర్ జీన్స్ (మోకాలి నుంచి కిందికి వెడల్పుగా విచ్చుకునేది) ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. నడుము 32, లోపలి కుట్టు పొడవు 34, బాటం చుట్టుకొలత 22 అంగుళాలు. నా ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు కావడంతో కాళ్లు నేల మీద పారాడాయి. అమలాపురంలో ఒక ఆల్టరేషన్ దుకాణంలో ఇస్తే, నన్ను ఒక్కమాటైనా అడగకుండా కింద 5 అంగుళాలు కోసి, సన్నటి మడత కుట్టి చేతిలో పెట్టారు. ఇంటికి వచ్చి తొడుక్కుంటే అది ఫ్లేర్‌లా లేదు, మామూలు ప్యాంటులానూ లేదు. పిక్క దగ్గర బిగుసుకుని, ఆ కింద కాస్త విచ్చుకుని, అంతలోనే ఆగిపోతోంది. టేపు పెట్టి కొలిస్తే బాటం 20 అంగుళాలకు దిగిపోయింది. ఎంతో ఇష్టపడి కొనుక్కున్నది ఒక్క కత్తెర వేటుతో పాడైనందుకు ఇప్పటికీ బాధగానే ఉంది. శ్రావణంలో మా అక్క పెళ్లి. విందు రోజు ఫ్లేర్ జీన్సే వేసుకోవాలని నా కోరిక. దీన్ని బాగుచేయించవచ్చా, కొత్తది కొనాలా, కొంటే ఏ కొలతలు చూసి కొనాలి? నా ఎత్తువాళ్లకు ఫ్లేర్ నప్పదని ఇంట్లో అందరూ అంటున్నారు. అది నిజమేనా?

గోదారిగట్టు
నప్పదన్నది పొరపాటు మాట. 34 పొడవున్నది కొని 5 అంగుళాలు కోయించడమే అసలు తప్పు. పొడవు 30లో దొరికేది వెతుక్కోవలసింది.

కత్తెర_తణుకు
నేను ఇరవై ఏళ్లకు పైగా ప్యాంట్లు కుడుతున్నాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. అందరూ ఫ్లేర్ అనగానే బాటం ఎంత అని అడుగుతారు కానీ, ఫ్లేర్‌కు ప్రాణం మోకాలి దగ్గర ఉంటుంది. తొడ నుంచి సన్నబడుతూ వచ్చిన గీత ఎక్కడ ఆగి తిరిగి విచ్చుకోవడం మొదలుపెడుతుందో, ఆ చోటు వేసుకున్న మనిషి మోకాలి మీదో, దానికి అంగుళం పైనో ఉండాలి.

మీ ప్యాంటు సంగతి చూడండి. 34 పొడవు కాలికి మోకాలి గీత గజ్జల దగ్గర రెండు కాళ్లూ కలిసే కుట్టు నుంచి సుమారు 15 అంగుళాల కింద పడుతుంది. మీకు సరిపోయే పొడవు 29. అంటే మీ మోకాలు 13 అంగుళాల దగ్గరే ఉంటుంది. ప్యాంటు మోకాలు మీ మోకాలికి రెండు అంగుళాలు కిందికి, పిక్క మొదలయ్యే చోటికి దిగిపోయింది. పిక్క దగ్గర పట్టేస్తున్నది అందుకే. ఇక బాటం లెక్క. మోకాలు 16, బాటం 22 అనుకుంటే, మధ్యనున్న 19 అంగుళాల్లో గుడ్డ 6 అంగుళాలు విచ్చుకుంటుంది. కింది నుంచి 5 అంగుళాలు కోస్తే ఒకటిన్నర అంగుళాల బాటం పోతుంది. బెల్ ఆకారంలో కిందికి వచ్చేకొద్దీ ఒంపు పెరిగే కట్టింగ్ అయితే ఇంకా ఎక్కువే పోతుంది. మీకు రెండు అంగుళాలు పోయింది కాబట్టి అది ఒంపు కట్టింగే అయి ఉంటుంది.

కాలి పొడవు ఒక అంగుళం, మహా అయితే ఒకటిన్నర తగ్గించవలసి వస్తే కోయించుకోవచ్చు. అంతకు మించితే ఆ ప్యాంటు మీది కాదనుకుని వాపసు చేయడమే మేలు.

కొబ్బరితోట27
ఇంత స్పష్టంగా నాకు ఎవరూ చెప్పలేదు, చాలా సంతోషమండీ. కోసిన ముక్కలు రెండూ పారేయకుండా అడిగి తెచ్చుకున్నాను, ఇంట్లోనే ఉన్నాయి. వాటితో ఏమైనా చేయవచ్చా?

నరసాపురం_అల్లిక
చేయవచ్చు. మా తమ్ముడి స్ట్రెయిట్ జీన్స్‌ను నేను ఇంట్లోనే ఫ్లేర్ చేశాను. బయటివైపు కుట్టును మోకాలి దాకా విప్పి, అందులో త్రికోణపు గుడ్డ ముక్క కూర్చి కుట్టాను. అమెరికాలో 1960లలో కుర్రకారు పాత జీన్స్‌ను బెల్‌బాటంగా మార్చుకున్నది ఇలాగే. విప్పేటప్పుడు బయటి కుట్టునే విప్పండి. చాలా జీన్స్‌లో లోపలి కుట్టు ఒకదానిలో ఒకటి మడిచి, పైన రెండు వరుసలు కుట్టినది కాబట్టి విప్పితే గుడ్డ చెడుతుంది. బయటిది ఓవర్‌లాక్ చేసి తెరిచి ఇస్త్రీ చేసిన మామూలు కుట్టు, సులువుగా వస్తుంది. మీ మోకాలి నుంచి మడత దాకా ఎంత ఉందో అంత ఎత్తు, అడుగున 3 అంగుళాల వెడల్పు ఉన్న త్రికోణాలు రెండు కావాలి. కుట్టుకు విడిగా అరంగుళం వదలండి.

అన్నిటికంటే కష్టం పైమొన దగ్గర. అక్కడ గుడ్డ ముడతపడకుండా ఉండాలంటే మొన చివర సూదిని గుడ్డలోనే దింపి ఉంచి, మిషన్ పాదం ఎత్తి, గుడ్డను తిప్పుకుని, మళ్లీ పాదం దించి కుట్టాలి. నాకు మొదటి కాలికి మూడుసార్లు విప్పవలసి వచ్చింది. సూది 16వ నంబరుకు తగ్గితే డెనిమ్ మడతల దగ్గర విరిగిపోతుంది.

కత్తెర_తణుకు
అల్లిక గారూ, మీ పద్ధతి సరైనదే కానీ ఆయన దగ్గరున్న ముక్కలతో ఒక చిక్కు ఉంది. కోసిన ముక్క ఎత్తు 5 అంగుళాలే. 16 అంగుళాల త్రికోణం తీయాలంటే ముక్కను అడ్డంగా వాడాలి. అప్పుడు కాలి మీద నిలువుగా దిగే ఏటవాలు గీతలు త్రికోణంలో వేరే వైపు నడుస్తాయి. దగ్గరికి వచ్చి చూసినవాళ్లకు అతుకు తెలిసిపోతుంది. పెళ్లి విందుకు నేనైతే ఆ పని చేయను.

నరసాపురం_అల్లిక
అతుకు దాచాలనుకుంటేనే అది లోపం అవుతుంది. దాచకుండా వేరే గుడ్డే వేయండి. మా తమ్ముడిదానికి నేను ముదురు ఎరుపు చేనేత గుడ్డ వేశాను. పలుచని గుడ్డను బరువైన డెనిమ్‌కు నేరుగా కుడితే అతుకు దగ్గర కుచ్చులు పడతాయి కాబట్టి లోపల అస్తరు వేసి బరువు సమం చేశాను. నడుస్తున్నప్పుడు మాత్రమే ఆ ఎరుపు తొంగి చూస్తుంది. చూసినవాళ్లందరూ ఎక్కడ కొన్నావని వాడినే అడుగుతున్నారు.

పడుగు_పేక
మాది పుల్లేటికుర్రు దగ్గర మగ్గాల ఇల్లు, నేను చదువుకున్నదీ జౌళి విద్యే. కత్తెర గారు చెప్పిన అడ్డం-నిలువు సంగతికి కారణం నేతలోనే ఉంది. డెనిమ్‌లో పడుగుకు, అంటే నిలువు నూలుకు మాత్రమే నీలిమందు రంగు ఉంటుంది, అడ్డంగా వెళ్లే పేక తెల్లది. పడుగు మూడు పేకల మీదుగా వెళ్లి ఒకదాని కిందికి దిగుతుంది కాబట్టి పైకి నీలం, లోపలికి తెలుపు కనిపిస్తాయి. ఏటవాలు గీతలు వచ్చేదీ అందువల్లే. ముక్కను అడ్డంగా తిప్పితే ఆ గీతల దిశ మారుతుంది, వెలుగు పడే తీరూ మారుతుంది, వేలాడే తీరు కూడా మారుతుంది.

ఇంకో మాట, కొత్త జీన్స్‌ను ఉతకకుండా కాలి పొడవు కోయించకండి. ముందే కుదించిన డెనిమ్ కూడా ఉతికితే 3 శాతం దాకా తగ్గవచ్చు. 30 అంగుళాల కాలికి అది దాదాపు ఒక అంగుళం. కుదించని ముడి డెనిమ్ అయితే 10 శాతం దాకా పోతుంది. రెండుసార్లు ఉతికి, నీడన ఆరేసి, ఆ తర్వాతే దర్జీ దగ్గరికి వెళ్లండి.

లంకవాసి
నేను మాత్రం వద్దనే చెబుతాను. ఫ్లేర్ మనలాంటి నేల మీద వేసుకునే బట్ట కాదు. ఆషాఢం వచ్చిందంటే మా లంకల్లో దారులన్నీ బురదే. డెనిమ్ బాటం నీళ్లను పీల్చుకుని పిక్కల దాకా తడి ఎక్కుతుంది, ఆ బరువుకు కాళ్లు ఈడ్చుకుంటూ నడవాలి. రెండేళ్ల కిందట రావులపాలెం నుంచి వస్తుండగా నా ఫ్లేర్ ప్యాంటు అంచు బండి చైన్‌లో పడింది. గొలుసు కవచం లేని బండి అది. అదృష్టం బాగుండి నెమ్మదిగా వెళుతున్నాను కాబట్టి ప్యాంటు చిరగడంతో పోయింది. మడమ పక్కన తగిలిన గాయం మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ రోజు నుంచి ఫ్లేర్ ముట్టుకోలేదు.

1976_బ్యాచ్
లంకవాసి గారి భయం సహేతుకమే కానీ దానికి మా రోజుల్లోనే మందు ఉండేది. 1976లో నేను కాకినాడలో డిగ్రీ చదివేటప్పుడు తరగతిలో సగం మందివి బెల్‌బాటంలే. రామారావు గారు, కృష్ణ గారు, శోభన్‌బాబు గారు తెర మీద బెల్‌బాటంలు వేస్తున్న కాలమది. మేము సైకిళ్ల మీద వెళ్లేవాళ్లం. కుడికాలికి సైకిల్ క్లిప్పు పెట్టుకోకుండా ఎవరూ పెడలు తొక్కేవారు కాదు. దిగగానే క్లిప్పు తీసి జేబులో వేసుకుని, ముడత పడిన చోట చేత్తో రెండుసార్లు సవరించుకుని లోపలికి వెళ్లేవాళ్లం. బండికైనా అదే ఉపాయం పనిచేస్తుంది. వెడల్పాటి వెల్క్రో పట్టీ ఒకటి సీటు కింద ఉంచుకుంటే సరిపోతుంది.

అంచు అరిగిపోకుండా మా దర్జీ బాటం లోపలి మడతకు ఇత్తడి జిప్పు పళ్ల వరుసను చుట్టూ కుట్టేవాడు. నడుస్తుంటే ఆ పళ్లు గచ్చు మీద రాసుకుని సన్నటి చప్పుడు చేసేవి. ఆ బరువుకు బాటం చక్కగా కిందికి వేలాడేది. అయితే అవి టెర్రికాటన్ ప్యాంట్లు. జీన్స్ గుడ్డ మాకు అందుబాటులో ఉండేది కాదు. నా బాటం 26 అంగుళాలు. తమ్ముడూ, నీకూ 26 పెట్టించుకోమనే చెబుతాను.

గోదారిగట్టు
26 వద్దండీ. టెర్రికాటన్ జారుడుగా ఉంటుంది కాబట్టి 26 అయినా ఒంటికి అంటుకుని కిందికి పడుతుంది. డెనిమ్ బిరుసుగా నిలబడుతుంది. 5 అడుగుల 5 అంగుళాల మనిషికి 26 డెనిమ్ బాటం పెడితే చెప్పులు, పాదాలు అన్నీ గుడ్డలో మునిగిపోతాయి.

1976_బ్యాచ్
ఆ తేడా నేను ఆలోచించలేదు, మీ మాట సబబే. అయితే ఒక కొలత మాత్రం అప్పటికీ ఇప్పటికీ మారదు. బాటం చుట్టుకొలతలో సగం, బూటు పొడవుకు కొంచెం తక్కువగా ఉండాలి. నీ బూటు 11 అంగుళాలుంటే బాటం 22 కంటే తక్కువే ఉండాలి. అప్పుడు లేసులు కప్పబడి, బూటు ముందుభాగం బయటికి కనిపిస్తుంది.

పడుగు_పేక
బురద విషయంలో లంకవాసి గారికి ఒక్క మాట. వెడల్పు బాటం ప్యాంటు మొదట ఓడల మీద పనిచేసే నావికుల దుస్తు. 19వ శతాబ్దంలోనే నావికులు దాన్ని వేసుకున్నారు. వెడల్పుగా ఉన్న కాలిని మోకాలి దాకా చుట్టుకోవడం తేలిక. పిక్కకు అంటుకునే స్కిన్నీ జీన్స్‌తో మనం కాలువ దాటలేం, ఫ్లేర్‌ను పంచెలా పైకి చుట్టుకుని దాటవచ్చు.

లంకవాసి
చుట్టుకోవచ్చన్నది నిజమే, ఒప్పుకుంటాను. కానీ వానలో తడిసిన డెనిమ్ ఆరడానికి రెండు రోజులు పడుతుంది. వానాకాలపు పెళ్లికి బట్ట ఎంచుకునేటప్పుడు అది కూడా లెక్కలో ఉండాలి.

భీమవరం_బులుగు
ఆరడం గుడ్డ బరువును బట్టి ఉంటుంది. డెనిమ్ బరువును చదరపు గజానికి ఔన్సుల్లో చెబుతారు. 13, 14 ఔన్సులది మన ఉక్కపోతలో వేసుకుంటే తొడలు చెమటకు అంటుకుపోతాయి, నేను ఒక వేసవి అంతా పడ్డాను. 8 ఔన్సులది హాయిగానే ఉంటుంది కానీ ఫ్లేర్ నిలబడక మోకాలి కింద చప్పగా వాలిపోతుంది. 10, 11 ఔన్సుల దగ్గర ఆగితే మంచిది. సాగే నూలు 1 శాతం కలిసినా ఫరవాలేదు. అంతకు మించి సాగే గుడ్డ అయితే సాయంత్రానికి మోకాళ్ల దగ్గర ఉబ్బు వస్తుంది, ఫ్లేర్‌లో ఆ ఉబ్బు మరీ ఎక్కువగా తెలుస్తుంది.

నాకు తొడలు లావు. బిగుతు జీన్స్‌లో నా కాళ్లు పైన లావుగా, కింద పుల్లల్లా ఉండేవి. ఫ్లేర్ వేసుకున్నాక కింది వెడల్పు పైదానికి సరితూగి కాలు మొత్తం ఒక తీరుగా కనిపిస్తోంది. అందుకే నేను దీన్ని వదలలేను.

కాకినాడ_తీరం
కొబ్బరితోట గారి అసలు ప్రశ్నకు, ఎత్తు తక్కువవాళ్లకు నప్పుతుందా అన్నదానికి, నా అనుభవం చెబుతాను. నా ఎత్తు 5 అడుగుల 4. ఫ్లేర్ నన్ను పొడుగ్గానే చూపిస్తుంది, అయితే మూడు చోట్ల జాగ్రత్తపడతాను. ప్యాంటు నడుము బొడ్డుకు దగ్గరగా ఉండాలి. గజ్జల కుట్టు నుంచి ముందు నడుము దాకా 11 అంగుళాలు ఉన్నది ఎంచుకుంటాను. తుంటి మీదికి జారే ప్యాంటు అయితే కాలు పొట్టిదవుతుంది. చొక్కా లోపలికి దోపుతాను. దోపకపోతే జిప్పు సగానికి మించి కిందికి దిగని పొట్టి చొక్కా వేస్తాను. తుంటి కిందిదాకా వేలాడే చొక్కా గానీ లాల్చీ గానీ వేశామంటే ఫ్లేర్ గీత సగం దాని కిందే పోతుంది. చివరిది బూటు. అంగుళంన్నర మడమ ఉన్న చీలమండ బూటు వేసుకుని, బాటం వెనకవైపు నేలకు అరంగుళం ఎత్తులో ఆగేలా కుట్టించుకుంటే, మడమ గుడ్డలో కలిసిపోయి ఆ ఎత్తంతా కాలిలోకే చేరుతుంది. కొలత ఇవ్వడానికి వెళ్లేటప్పుడు ఆ బూటు తొడుక్కునే వెళ్లండి. చెప్పులతో వెళ్లి కొలత ఇస్తే అంతా వృథా.

లంకవాసి
మా వైపు పెళ్లిళ్లలో పందిట్లోకి వెళ్లేటప్పుడు బూట్లు బయట విడవాలి కదా. అంగుళంన్నర మడమకు కుట్టించిన బాటం, బూటు విప్పగానే నేల తుడుస్తుంది.

కాకినాడ_తీరం
ఈ సంగతి నేను మరిచాను, మంచి మాట గుర్తుచేశారు. విందు కల్యాణ మండపంలో అయితే బూట్లు విడిచే పని ఉండదు. ముహూర్తానికి మాత్రం పంచె కట్టుకోవాలి. అక్క పెళ్లిలో తమ్ముడికి బోలెడు పనులుంటాయి, పీటల దగ్గర కూర్చోవలసి వస్తుంది, ఫ్లేర్‌ను విందుకే ఉంచడం మేలు.

కత్తెర_తణుకు
కొనడం కంటే కుట్టించుకోవడమే మీకు మంచిదని నా అభిప్రాయం. 1990ల నడుమ జీన్స్ గుడ్డ, జిప్పు, బొత్తాలు, రివిట్లు కలిపి ఒకే పొట్లంలో అమ్మేవారు. రఫ్ అండ్ టఫ్ పేరుతో 1995లో వచ్చింది. అప్పుడు నేను మా గురువు గారి దగ్గర పని నేర్చుకుంటున్నాను. పండగ నెలలో ఆ పొట్లాలు వరుసగా వచ్చేవి. జీన్స్ మన దర్జీలు కుట్టలేరన్న మాట అప్పుడే తప్పని తేలింది. ఇప్పటికీ రాజమండ్రి తాడితోట బట్టల మార్కెట్‌లో వెతికితే మీటర్ల లెక్కన డెనిమ్ దొరుకుతుంది. కొలత ఇచ్చేటప్పుడు మోకాలు ఎక్కడ పెట్టాలో మీరే వేలు పెట్టి చూపించండి. గుర్తు వేసేదాకా అక్కడి నుంచి కదలకండి.

భీమవరం_బులుగు
కుట్టించే గుడ్డకు ఉతుకు పని జరగదు కదా, కొత్తలో గట్టిగా ఉండదా?

పడుగు_పేక
ఉంటుంది. గుడ్డను కోయకముందే గోరువెచ్చని నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి ఆరేస్తే గంజి చాలావరకు పోతుంది, కుదింపు కూడా అప్పుడే అయిపోతుంది. రంగు మాత్రం కొన్నాళ్లు దిగుతూనే ఉంటుంది కాబట్టి దాని మీదికి తెల్ల బూట్లు వేయకండి. అంచు రాసుకున్న చోటల్లా నీలం పడుతుంది.

కొబ్బరితోట27
అందరి మాటలూ రెండుసార్లు చదివి, కుట్టించడానికే నిర్ణయించుకున్నాను. పాతదాన్ని అల్లిక గారి పద్ధతిలో ఎర్ర గుడ్డతో బాగుచేయించి రోజువారీకి వాడుకుంటాను. కొత్తదానికి నేను రాసుకున్న కొలతలు ఇవి: నడుము 32, ముందు ఎత్తు 11, లోపలి పొడవు గోధుమరంగు బూటు మీద 30, మోకాలు గజ్జల కుట్టు నుంచి 12న్నర, మోకాలి చుట్టుకొలత 16న్నర, బాటం 21న్నర. గుడ్డ 10 ఔన్సులు. పైన మీగడ రంగు నార చొక్కా, లోపలికి దోపి. తప్పులుంటే చెప్పండి.

కత్తెర_తణుకు
అన్నీ సరిగ్గా ఉన్నాయి. అడుగు మడత మాత్రం ఒకటిన్నర అంగుళాలు ఉంచమనండి, సన్నటి మడత వద్దు. వెడల్పు మడత బరువుకే బాటం నిలబడుతుంది. పైగా ఎప్పుడైనా పొడవు దించుకోవలసి వస్తే గుడ్డ చేతిలో ఉంటుంది.

1976_బ్యాచ్
ఆ మడత లోపల ఇత్తడి జిప్పు పళ్లు కూడా వేయించుకో తమ్ముడూ.

కొబ్బరితోట27
పెళ్లి అయింది. మొదటి ట్రయల్‌కు వెళ్లినప్పుడు దర్జీ మోకాలి గీతను అలవాటు ప్రకారం అంగుళం కిందే పెట్టాడు. అప్పటికి కచ్చా కుట్టే కాబట్టి విప్పి సరిచేయించాను. కత్తెర గారు చెప్పకపోయి ఉంటే నాకది తెలిసేదే కాదు. జిప్పు పళ్లు కూడా వేయించాను. విందు మర్నాడు అదే ప్యాంటుతో, గోధుమరంగు బూట్లతో సఖినేటిపల్లి రేవు నుంచి నరసాపురానికి పంటు ఎక్కాను. నది మధ్యకు వెళ్లేసరికి గాలికి ముందున్నవాళ్ల ప్యాంట్లన్నీ పిక్కలకు అంటుకుపోతుంటే, నా బాటం మాత్రం ఆ బరువుకు అలా ఊగి ఇలా వచ్చి బూటు మీద పడుతోంది. నప్పదన్న మా చిన్నాన్న గుడ్డ ఎంత పట్టిందని అడిగారు.

భీమవరం_బులుగు
నాదీ అదే ప్రశ్న. ఎంత పట్టింది?

కత్తెర_తణుకు
58 అంగుళాల పన్నా అయితే ఆయన కొలతకు మీటరున్నర సరిపోతుంది. మీకు తొడ లావు అంటున్నారు కాబట్టి ఇంకో పావు మీటరు కలుపుకుని తీసుకోండి.